ఆదోని లాడ్జిలో బస: అడ్వాన్సు నుంచి బిల్లు దాకా నా అనుభవం

పొలం కాగితాల పనిమీద పెదనాన్నను వెంటబెట్టుకుని 2025 నవంబరు 12న, బుధవారం, ఆదోనిలో దిగాను. మందుల కంపెనీ ఉద్యోగం కాబట్టి రాయలసీమ ఊళ్ల లాడ్జిలు నాకు కొత్త కాదు. ఒక్కడినే అయితే ఎక్కడో ఒకచోట పడుకుంటాను. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై నాలుగేళ్ల మనిషి పక్కన ఉంటే మాత్రం లాడ్జి వ్యవహారం మొత్తం మారిపోతుంది. ఇలాంటి పనిమీద వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకు పనికొస్తుందని ఏ దశలో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో రాస్తున్నాను. లాడ్జి పేరు రాయను. ఇందులో ఉన్నవి సగం లాడ్జిల్లో జరిగేవే.

గది ముందే యాప్‌లో తీసుకున్నాను. ఏసీ డబుల్, రాత్రికి 1,400 చొప్పున రెండు రాత్రులు, పైన 5 శాతం జీఎస్టీ 140, మొత్తం 2,940 రూపాయలు ముందే కట్టేశాను. బుకింగ్ నంబరు, లాడ్జి ఫోన్ నంబరు మెసేజ్‌లో వచ్చాయి. మధ్యాహ్నం కర్నూలు బస్టాండు నుంచి ఆ నంబరుకు ఫోన్ చేస్తే ఎత్తినాయన "రండి సార్, ఉంటాయి" అన్నాడు. గది "ఉంది" అనడం వేరు, "మీ పేరున రాసిపెట్టాం" అనడం వేరు. అందుకే పేరు, బుకింగ్ నంబరు చెప్పి, కింది అంతస్తు కావాలి, వెస్ట్రన్ కమోడ్ ఉండాలి అని చెప్పి, ఆయన పేరు కూడా అడిగి రాసుకున్నాను. రాత్రి కౌంటరులో ఉండే మనిషి పగటి మనిషి కాదు కాబట్టి ఈ పేరు తర్వాత అక్కరకొస్తుంది.

కర్నూలు నుంచి ఎమ్మిగనూరు మీదుగా ఆదోని సుమారు వంద కిలోమీటర్లు. మేం లాడ్జి మెట్లెక్కేసరికి రాత్రి 9 గంటల 40 నిమిషాలు. కౌంటరు వెనక కుర్రాడు ఫోనులో వీడియో చూస్తున్నాడు. తల ఎత్తకుండానే "రూముల్ల్యావు సార్" అన్నాడు. బుకింగ్ ఉందన్నాను. "యాప్‌దా? యాప్ బుకింగులు మాకు తెల్దు సార్. ఓనర్ చూసుకుంటాడు. పొద్దున రండి." రాత్రి పదింటికి పొద్దున రమ్మంటే ఎక్కడికి పోవాలో ఆ అబ్బాయి చెప్పలేదు. పెదనాన్న నా భుజం పట్టుకుని నిలబడ్డారు. ఆయన్ను కూర్చోమని కుర్చీ చూపించిన వాళ్లు లేరు. నేనే కౌంటరు పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ లాగి వేశాను. పెద్దాయన "వద్దులేరా, ఇంకోచోటికి పోదాం" అంటుంటే నాకు కోపం కంటే సిగ్గే ఎక్కువ అనిపించింది. ఆయన్ను రమ్మని తీసుకొచ్చింది నేను కదా.

అసలు ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే కౌంటరు దగ్గర సగం గొడవ తగ్గుతుంది. ఆదోని పత్తి ఊరు. అక్టోబరు నుంచి జనవరి దాకా మార్కెట్ యార్డుకు పత్తి దిగుతూనే ఉంటుంది. కొనుగోలుదార్లు, లారీల వాళ్లు, జిన్నింగు (పత్తి గింజ తీసే) మిల్లుల పనిమీద వచ్చినవాళ్లు లాడ్జిల్లో వారాల తరబడి ఉంటారు. నగదు ఇస్తారు, యాప్ కమీషన్ పోదు, ఏటా వస్తారు. వాళ్లు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా గది దొరకాలి కాబట్టి రెండు మూడు ఏసీ గదులకు తాళం వేసి ఉంచుతారు. యాప్‌లో వచ్చే గిరాకీ సీజను కాని రోజుల్లో గదులు నిండడానికి. సీజనులో ఆ బుకింగులు ఆపేయాలి గానీ ఎవరూ ఆపరు. యాప్ లాగిన్ ఓనరు కొడుకు ఫోనులోనో, ఇంకెవరి దగ్గరో ఉంటుంది. రాత్రి కౌంటరు మనిషికి అది కనిపించదు. ఆయన ముందున్నది రిజిస్టరు, తాళాల బోర్డు, అంతే. ఆయన చేతిలో లేని అధికారం కోసం ఆయనతో పోట్లాడి లాభం లేదు.

అక్కడ "మీరే క్యాన్సిల్ చేసుకోండి సార్, డబ్బులు వాపసొస్తాయి" అంటారు. ఈ మాట విన్నప్పుడు చాలా జాగ్రత్తగా ఉండాలి. మన ఫోనులో మనం క్యాన్సిల్ నొక్కితే అది అతిథి మానుకున్నట్టు నమోదవుతుంది. వచ్చిన రోజు క్యాన్సిల్ చేస్తే చాలా బుకింగుల్లో ఒక్క రూపాయి తిరిగి రాదు. లాడ్జి గది ఇవ్వలేదని యాప్ వాళ్ల దగ్గర నమోదు కావాలి. అందుకు కౌంటరు దగ్గరే నిలబడి యాప్ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయాలి. వాళ్లు లాడ్జికి ఫోన్ చేస్తారు. కౌంటరు ఫోను మోగినప్పుడు మనం అక్కడే ఉంటే "పార్టీ రాలేదు" అనడానికి వీలుండదు. ఫోనుతో పాటు యాప్ చాట్‌లో కూడా "లాడ్జి ముందున్నాను, గది ఇవ్వడం లేదు" అని రాసి, లాడ్జి బోర్డు కనిపించేలా ఫోటో పెట్టాను. చాట్‌లో రాసిన టైము నమోదవుతుంది, అదే సాక్ష్యం. చాట్ సాక్ష్యానికి, ఫోను పని జరగడానికి. రెండూ కావాలి.

కస్టమర్ కేర్ లైను కలవడానికే పావుగంట. వాళ్లు లాడ్జికి చేస్తే మొదట ఎత్తలేదు, రెండోసారి కుర్రాడు ఎత్తి ఓనరు నంబరు ఇచ్చాడు. ఓనరు యాప్ వాళ్లతో మాట్లాడి, కుర్రాడికి ఫోన్ చేసి, చివరికి రాత్రి 10 గంటల 50 నిమిషాలకు తాళం చేతికొచ్చింది. మధ్యాహ్నం మాట్లాడినాయన పేరు నేను చెప్పేదాకా ఓనరు కూడా "మాకు ఫోనే రాలేదు" అన్నాడట. వచ్చిన తాళం ఏసీ గదిది కాదు. రెండో అంతస్తులో నాన్ ఏసీ. "ఈ రాత్రికి సర్దుకోండి, రేపు ఏసీ ఇస్తాం." లిఫ్టు లేదు.

అక్కడ నేను సర్దుకున్నాను, ఇంకో లాడ్జి వెతికే వేళ కాదు. ఏసీకి కట్టి నాన్ ఏసీలో ఉంటే తేడా డబ్బు అడగాలంటే కాగితం కావాలి. మాటమీద ఏదీ నిలవదు. లాడ్జి చీటీ మీద "12-11-2025, రూమ్ 206, నాన్ ఏసీ ఇచ్చాము, యాప్ బుకింగ్ ఏసీ" అని రాయించి, సంతకం, లాడ్జి స్టాంపు వేయించి ఫోటో తీసుకున్నాను. కుర్రాడు నసిగాడు. నాకు గొడవ వద్దు, యాప్ వాళ్లకు చూపించడానికే అని చెప్పాక రాశాడు. కౌంటరు వెనక గోడకు ధరల బోర్డు ఉంది. నాన్ ఏసీ డబుల్ 900. దాన్ని కూడా ఫోటో తీశాను. తేడా ఎంతో లెక్క చెప్పడానికి అదే ఆధారం.

ఇక రిజిస్టరు. పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా, ఎక్కడినుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తారు, వచ్చిన పని, వచ్చిన టైము, ఫోను, సంతకం. ఇందులో జాగ్రత్తగా చూడాల్సింది వచ్చిన టైము గడి. కుర్రాడు 9.30 అని రాయబోతే తాళం ఇచ్చిన టైము 10.50 రాయించాను. 24 గంటల చెకవుట్ అని బోర్డు ఉన్న లాడ్జిల్లో మీ రోజు ఎప్పుడు ముగుస్తుందో ఈ గడిలో ఉన్న అంకె చెబుతుంది. యాప్‌లో వచ్చినవాళ్లకు మాత్రం ఆ బోర్డు వర్తించదు. యాప్ ఓచరులో ఉదయం 11 అని ఉంటే 11కే ఖాళీ చేయాలి. ఒకే లాడ్జిలో రెండు రకాల గడియారాలు నడుస్తుంటాయన్నమాట.

ఆధార్ జిరాక్స్ అడిగారు, ఇద్దరివీ. రాత్రి పదకొండింటికి జిరాక్స్ షాపు ఉండదు. "వాట్సాప్ చేయండి" అంటారు. కౌంటరు కుర్రాడి సొంత ఫోనుకు ఆధార్ పంపడం నాకు ఇష్టం లేదు. ఇలాంటి వాటికోసమే బ్యాగులో కొన్ని జిరాక్సులు పెట్టుకుంటాను, మాస్క్‌డ్ ఆధార్‌వి. అంటే చివరి నాలుగు అంకెలే కనిపించేవి. ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ సైటులోనే దిగుతుంది. దానిమీద అడ్డంగా "లాడ్జి బస కోసం మాత్రమే" అని రాసి తేదీ వేసి ఇస్తాను. నంబరు మొత్తం కనిపించాలని కొన్నిచోట్ల పట్టుబడతారు. అప్పుడు డ్రైవింగ్ లైసెన్సో, ఓటరు కార్డో ఇవ్వడం మేలు. పాన్ కార్డు చూపితే తీసుకోరు, అందులో చిరునామా ఉండదు. పెదనాన్న ఆధార్‌లో ఇంకా ఆదోని పక్క పల్లె చిరునామానే ఉంది. దాన్ని చూసి కుర్రాడు మళ్లీ మొదలుపెట్టాడు: "లోకల్ వాళ్లకు ఇయ్యం సార్." లోకల్ వాళ్లకు గది ఇవ్వకూడదని చట్టమేమీ లేదు. పేకాట, తాగుడు గొడవలతో పోలీసులు వస్తారన్న భయంతో లాడ్జిలు పెట్టుకున్న సొంత కట్టుబాటు. పెళ్లికాని జంటల విషయంలోనూ ఇంతే. రిజిస్టరు మొదటి పేరు నాది, హైదరాబాద్ చిరునామాతో రాయించి, ఆయన్ను రెండో మనిషిగా వేయించాను. సరిపోయింది. మీతో అమెరికా పాస్‌పోర్టు ఉన్న బంధువులెవరైనా వస్తే ఇలాంటి లాడ్జిల మీద ఆశ పెట్టుకోకండి. విదేశీ పాస్‌పోర్టు వాళ్లు దిగితే లాడ్జి 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాల ఫారం (సి-ఫారం అంటారు) ప్రభుత్వానికి పంపాలి. ఆ లాగిన్ లేని లాడ్జివాళ్లు కారణం చెప్పకుండా "రూముల్ల్యావు" అనేస్తారు.

తాళానికి 500 డిపాజిట్. రసీదు ఇవ్వరు, రిజిస్టరు పక్కన పెన్సిలుతో రాస్తారు. దాన్నీ పెన్నుతో రాయించాలి. యూపీఐలో ఇస్తే ఇంకా మంచిది, వాపసు గొడవ వచ్చినప్పుడు లెక్క కనిపిస్తుంది.

గదిలోకి వెళ్లగానే సామాను దించకుండా రూమ్ బాయ్‌ని గుమ్మం దగ్గరే ఆపాలి. అతను మెట్లు దిగాడంటే మళ్లీ రావడానికి అరగంట. ఇరవై పైచిలుకు గదులకు రాత్రిపూట ఒక్కడే ఉంటాడు, మెట్ల కింద పడుకుంటాడు. ముందు లోపలి గడియ వేసి చూడాలి. మా గదిలో పై గడియ రంధ్రంలోకి దిగడం లేదు, కింద గడియ పడింది. తర్వాత ఫ్లష్, కొళాయి, బకెట్, మగ్గు. ఆ తర్వాత ఫ్యాను, ప్లగ్గులు. మంచం పక్క ప్లగ్గులో ఛార్జరు నిలవకుండా జారిపోతోంది, టీవీ ప్లగ్గు ఒక్కటే పనిచేసింది. కిటికీ దోమతెరకు అరచేయి పట్టేంత చిరుగు. కమోడ్ వెస్ట్రన్‌ది ఉంది, అదొక్కటే ఆ రాత్రికి అదృష్టం. సీటు కదులుతోంది. కింద రెండు మరలు వదులైతే ఇలా జారుతుంది, చేత్తోనే బిగించొచ్చు. పెద్దవాళ్లు పడిపోయేది ఇక్కడే.

నల్లులు చూడటానికి దుప్పటి దులిపితే సరిపోదు. పరుపు తల వైపు మూల ఎత్తి, కుట్టు వెంబడి వేలితో విప్పి ఫోను లైటు వేసి చూడాలి. సిరా చుక్కల్లాంటి నల్ల మచ్చలు, ఎండిన పొట్టు కనిపిస్తే ఆ గది వద్దు. మంచం చెక్కకూ గోడకూ మధ్య సందులో కూడా చూడాలి. ఈ గదిలో పరుపు బాగానే ఉంది. దుప్పటి మాత్రం వాడిందే. మడత పెట్టి పరిచారు, మడత గీతలు నిలువుగా ఉన్నాయి గానీ మధ్యలో మనిషి పడుకున్న ముడత, దిండు గలీబు మీద తల నూనె మచ్చ. బాయ్‌ని అడిగితే "చాకలి రేపొస్తాడన్నా" అన్నాడు. చాకలి రోజు విడిచి రోజు వస్తాడు, మధ్య రోజున దుప్పట్లు తిరగేసి వేస్తారు. ఉతికినవి ఎప్పుడూ కొన్ని ఉంటాయి, వాటి బీరువా తాళం కౌంటరు దగ్గర ఉంటుంది, వీఐపీ పార్టీల కోసం. బాయ్ చేతిలో 50 పెట్టి "పెద్దాయనున్నాడు, రెండు దుప్పట్లు, రెండు గలీబులు" అన్నాను. అయిదు నిమిషాల్లో వచ్చాయి. వెళ్లేరోజు ఇచ్చే బక్షీసు కంటే వచ్చిన రాత్రి ఇచ్చే 50 ఎక్కువ పనిచేస్తుంది. ఇది లంచమంటే లంచమే. ఆ కుర్రాడి జీతం గురించి ఆలోచిస్తే నాకు ఇవ్వబుద్ధేస్తుంది. కౌంటరు వాడికి మాత్రం ఒక్క పైసా ఇవ్వను.

తువ్వాళ్లు ఇచ్చినప్పుడు వాటిని మంచం మీద విప్పి ఫోటో తీశాను. ఒకదాని అంచున హెన్నా మరక ఉంది. దీని సంగతి చెకవుట్ దగ్గర వస్తుంది.

వేడినీళ్లు పొద్దున 6 నుంచి 8.30 దాకా అన్నారు. మేడమీద సోలార్ ట్యాంకు. సోలార్ లాడ్జిల్లో కింది అంతస్తుల వాళ్లకు పైపు పొడవునా నిలిచిన చల్లనీళ్లు ముందు వస్తాయి, దాదాపు ఒక బకెట్. "వేడినీళ్లు రావట్లేదు" అని కొళాయి కట్టేసేవాళ్లు ఇక్కడే మోసపోతారు. ఆ చల్లనీళ్లు ఒక బకెట్లో పట్టుకుని పక్కన పెట్టుకోవాలి, తర్వాత వచ్చే వేడినీళ్లలో కలుపుకోవడానికి పనికొస్తాయి. ఆరున్నరకే స్నానం చేయాలి. ఏడు దాటితే అందరూ విప్పుతారు, ఎనిమిదికి ట్యాంకులో వేడి అయిపోతుంది. మబ్బు పట్టిన మర్నాడు అసలు రావు, అప్పుడు బకెట్ వేడినీళ్లకు కిందినుంచి 30 రూపాయలు. నీళ్లు బోరువి, సబ్బు నురగ రాదు. తాగడానికి బయట కొనుక్కున్న సీసాలే. కారిడార్‌లో 20 లీటర్ల క్యాను ఉంటుంది గానీ దాని కింద కొళాయిని ఎవరు ఎప్పుడు కడిగారో దేవుడికే తెలియాలి.

రాత్రి ఒంటిగంటన్నర దాకా కారిడార్‌లో గొంతులు, తలుపులు. ఒక గదిలో పేకాట. కౌంటరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. గదిలోంచి కౌంటరుకు పోయే ఇంటర్‌కమ్ వైరు తెగి ఉంది, కింది కుర్రాడి సెల్ నంబరు ముందే తీసుకుని ఉండాలి. పెదనాన్న చెవుడు ఆ రాత్రికి వరమైంది, ఆయన పడుకున్నారు. నేను లేచి కూర్చుని, రేపటి పని ముందు ఇలా నిద్ర లేకుండా చేశారే అని మండిపోతూ యాప్ చాట్‌లో మిగతా ఫోటోలన్నీ ఎక్కించాను. రాత్రే ఎక్కించడం మంచిదైంది, ఫోటోలు ఎక్కించిన టైము నమోదవుతుంది కదా.

13వ తేదీ పొద్దున ఉగ్గాని బజ్జీ తినడానికి కిందికి దిగాం. లాడ్జిలో టిఫిను లేదు. బాయ్‌తో తెప్పిస్తే ప్లేటుకు 10 ఎక్కువ. ఆదోనిలో పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఉన్నంతసేపు ఇడ్లీ మీద మనసు పోదు. బొరుగులు తడిసి ముద్దవకుండా విడివిడిగా, పుట్నాల పొడి తగులుతూ ఉంటుంది. ప్లేటు ఉగ్గానికి, రెండు బజ్జీలకు 40 రూపాయలు. మనసు కాస్త కుదుటపడింది.

లాడ్జిలో ఏ సమస్య తీరాలన్నా వేళ ఒకటుంది. రాత్రి మనిషి పొద్దున 8కి దిగిపోతాడు. పగటి మేనేజరు వస్తాడు. తొమ్మిదిన్నరా పది మధ్య ఓనరో, ఆయన తరఫు మనిషో నిన్నటి కలెక్షన్ చూసుకోవడానికి వస్తారు. ఆ అరగంటలో కౌంటరు దగ్గర ఉన్నవాడికి పని జరుగుతుంది. నేను చీటీ చూపించి రెండే అడిగాను. ఈరోజు కింది అంతస్తులో ఏసీ గది, నిన్నటి తేడా. రాత్రి కుర్రాడి మర్యాద గురించి ఎత్తలేదు. అది మొదలుపెడితే ఓనరు తన మనిషిని వెనకేసుకొస్తాడు, మాట అటే పోతుంది. ఏసీ గది పది నిమిషాల్లో ఇచ్చారు, 104. నిన్న రాత్రంతా ఖాళీగానే ఉందని బాయ్ చెప్పాడు. తేడా గురించి "మీరు మాకు కట్టలేదు, యాప్‌కు కట్టారు, వాళ్లనే అడగండి" అన్నాడు ఓనరు. ఇది కొంత నిజమే. ముందే కట్టిన డబ్బు యాప్ దగ్గర ఉంటుంది, లాడ్జికి తర్వాత చేరుతుంది. కాబట్టి తేడా యాప్ నుంచే రావాలి, దానికి లాడ్జి ఒప్పుకుంటున్నట్టు కాగితం చాలు. ఆ కాగితం రాత్రే తీసుకున్నాను.

104లో ఏసీ ఉంది, రిమోట్ కౌంటరులో ఉంది. దానికి ఇంకో డిపాజిట్ అడిగితే తాళం డిపాజిట్‌లోనే కలపమన్నాను, ఒప్పుకున్నారు. కరెంటు పోతే జనరేటర్ మీద ఫ్యాను, ఒక లైటు మాత్రమే నడుస్తాయి. గీజరు, ఏసీ ఒకేసారి వేస్తే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడిపోతుంది. ఈ గదిలో అప్పటికప్పుడు కాగే చిన్న గీజరు ఉంది, 3 కిలోవాట్లు లాగుతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ దానికి తోడైతే ఆ గది లైను మోయలేదు. ఎంసీబీ బోర్డు కారిడార్‌లో ఉంటుంది, గది నంబరు రాసి ఉంటుంది. మీరే పైకి ఎత్తుకోవచ్చు, అయితే ముందు ఏసీ కట్టేయాలి. ఎత్తగానే మళ్లీ పడిపోతుంటే ఇక దాన్ని ముట్టుకోకూడదు.

పొలం కాగితాల ఆఫీసులో పని ఇంకో రోజు సాగింది. 14 రాత్రికి కూడా ఉండాల్సి వచ్చింది. మళ్లీ యాప్ జోలికి పోకుండా పొద్దున పదింటికి కౌంటరులోనే అడిగాను. యాప్‌లో 1,400 ఉన్న గది కౌంటరులో 1,600 అన్నారు, సీజను రేటట. బేరం ఆడితే మామూలు రోజుల్లో వంద, నూటయాభై తగ్గుతుంది, సీజనులో తగ్గదు. ఇక్కడ తప్పకుండా తేల్చుకోవాల్సింది ఈ మూడో రోజు ఏ టైము నుంచి మొదలు అన్నది. యాప్ బస 14 ఉదయం 11కి ముగుస్తుంది, కొత్త రోజు అప్పటినుంచి మొదలై 15 ఉదయం 11కి ముగుస్తుంది. ఒక గంట దాకా చూసీచూడనట్టు ఉంటారు, ఆపైన సగం రోజు అద్దె. ఇది మేనేజరుతో చెప్పించి, రిజిస్టరులో కొత్త వరుస రాయించాను. పాత వరుసలోనే పొడిగిస్తే 12వ తేదీ నుంచి 24 గంటల లెక్క ఒకటి, 11 గంటల లెక్క ఒకటి కలిసి చెకవుట్ దగ్గర వాళ్లకు లాభమైన లెక్క బయటికొస్తుంది.

15న, శనివారం, తొమ్మిదింటికి ఖాళీ చేశాం. బాయ్ పైకెళ్లి గది చూసి రావాలి, అప్పుడే డిపాజిట్ ఇస్తారు. ఆ చూడటానికే ముప్పావు గంట పట్టింది, వేరే గది సర్దుతున్నాడు. బస్సు పట్టుకోవాల్సిన వాళ్లు గంట ముందే చెప్పి గది చూపించేయాలి. 206 నుంచి 104కు మారినప్పుడు తువ్వాళ్లు వెంట తెచ్చుకున్నాం. మరక ఉందని 150 పట్టుకుంటామన్నారు. 12 రాత్రి 11.05కి తీసిన ఫోటో చూపించాను. మేనేజరు ఫోటోను పెద్దది చేసి చూసి, ఇంకేం మాట్లాడకుండా 500 ఇచ్చేశాడు.

బిల్లు దగ్గర అసలు సంగతి. మూడో రాత్రికి 1,600, పైన జీఎస్టీ 12 శాతం 192 వేసి 1,792 ఇచ్చారు. రాత్రికి 7,500 లోపు గదుల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. అంటే 80 రావాలి, 112 ఎక్కువ వేశారు. కావాలని చేశారనుకోను, కంప్యూటరులో పాత రేటు అలాగే ఉండిపోయింది. చూసుకోవాల్సినవి మూడు. బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందా లేదా, ఆంధ్రప్రదేశ్‌లో అది 37తో మొదలవ్వాలి. పన్ను సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) అని సగం సగం ఉందా, మీరు తెలంగాణ వాళ్లయినా గది ఉన్నది ఆంధ్రలో కాబట్టి రాష్ట్రాల మధ్య వ్యవహారాలకు వేసే ఐజీఎస్టీ పడదు. రేటు 5 ఉందా. నంబరు లేని తెల్లకాగితం మీద పన్ను రాస్తే అది పన్ను కాదు, కట్టనక్కర్లేదు. యాప్‌లో పన్ను పడింది కదా, లాడ్జికి రిజిస్ట్రేషన్ ఉండే ఉంటుంది అనుకోవద్దు. రిజిస్ట్రేషన్ లేని లాడ్జి గది యాప్ ద్వారా అమ్మితే ఆ పన్ను యాపే కడుతుంది. అదే లాడ్జి కౌంటరులో మీ దగ్గర పన్ను వసూలు చేయడానికి వీల్లేదు.

మా లాడ్జికి నంబరు ఉంది, 37తోనే. రేటు తగ్గిన సంగతి మేనేజరుకు చెబితే "సిస్టంలో అట్లే ఉంది సార్, మేమేం జేసేది" అన్నాడు. అకౌంట్లు చూసే ఆడిటరుకు ఒక ఫోన్ చేయమన్నాను. ఆయన చేశాడు, రెండు నిమిషాల్లో తేలిపోయింది. పాత బిల్లు కొట్టేసి 1,680కి కొత్తది ఇచ్చాడు. పన్ను గురించి కౌంటరులో వాదించడం కంటే వాళ్ల ఆడిటరుతో మాట్లాడించడం వందరెట్లు నయం, ఆయన మాట వాళ్లు వింటారు. అది కూడా కాకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, వినియోగదారుల హెల్ప్‌లైను అది. అయిదు లక్షల లోపు వ్యవహారమైతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా ఉండదు. నూటపన్నెండు రూపాయల కోసం ఎవరూ అంత దూరం పోరనుకోండి.

మొత్తం లాడ్జి ఖర్చు యాప్‌లో 2,940, కౌంటరులో 1,680, బాయ్‌కి 100, నీళ్లు, దోమల కాయిల్ కలిపి 130. ఏసీ తేడా కోసం యాప్ వాళ్లకు చీటీ ఫోటో, ధరల బోర్డు ఫోటో పెట్టి 16వ తేదీన రాశాను. మొదట కూపన్ ఇస్తామన్నారు. కూపన్ వద్దు, కట్టిన ఖాతాకే వేయండి అని రాసి పట్టుబట్టాలి, కూపనుకు గడువుంటుంది, అదీ పెద్ద హోటళ్లకే పనికొస్తుంది. నవంబరు 24న 500 ఖాతాలో పడింది. దానిమీద పన్ను 25 కూడా రావాలని మళ్లీ రాశాను. "మీ విజ్ఞప్తి పరిష్కరించబడింది" అని జవాబొచ్చింది, పాతిక మాత్రం ఇంకా రాలేదు.